రాయపూర్ చేరే తెలుగు కుటుంబాలు నీళ్ల ట్యాంకు నింపుకోవలసిన తీరు

విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయినది మొదలు ఉత్తరాంధ్ర జనానికి ఆ ఊరు దూరపుటూరు కాకుండా పోయింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి రాయపూర్ రాజధాని అయ్యాక కొలువులకూ వ్యాపారాలకూ వెళ్లి స్థిరపడే తెలుగు కుటుంబాలకు మరో దారి తెరుచుకుంది. అయితే ముందు వెళ్లినవారు నీళ్ల దగ్గర చేసిన పొరపాటునే ఏటా కొత్తగా వెళ్లేవారూ చేయడం, అడిగి తెలుసుకోవడానికి పక్క వీధిలోనే తెలుగువారు ఉన్నా అడగకపోవడం చూస్తే ఎంతటి ఓర్పుగలవారికైనా కోపం రాక మానదు. ఇల్లు వెదకడం, గ్యాసు బదిలీ, పిల్లల బడి, అంగడి హిందీ ఒకటి రెండు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి కనుక వాటి గురించి ఇక్కడ విస్తరించనవసరం లేదు.

రాయపూర్ కుళాయి నీటికి ముఖ్యాధారం ఖారూన్ నది. శివనాథ్‌లో కలిసి, ఆ శివనాథ్ ద్వారా మహానదిని చేరే ఈ చిన్న నది నీటిని భాఠాగావ్ దగ్గర తోడి, శుద్ధిచేసి, ఎత్తైన ట్యాంకులకు ఎక్కించి, అక్కడి నుంచి వీధులకు వదులుతారు. ఎండాకాలంలో నది సన్నగిల్లినప్పుడు ధమ్‌తరీ దగ్గర మహానదిపై ఉన్న గంగ్రేల్ జలాశయం నుంచి కాలువ ద్వారా నీళ్లు తెచ్చి నదిని నిలబెడతారు. ఇంత దూరం నుంచి వచ్చే నీరు రోజంతా కుళాయిలో ఉండదు. వేళకు వస్తుంది, వేళకు ఆగిపోతుంది. కుళాయి విప్పగానే ముందు బుస్సుమని గాలి, ఆ తరువాత కొంచెం ఎర్రగా మడ్డినీరు, ఆ వెనుక తేటనీరు వచ్చే క్రమాన్ని తెలుసుకున్న గృహిణి మొదటి బకెట్టును వాకిలి కడగడానికి వాడుతుంది. తెలియని గృహిణి దానినే బిందెలో పట్టి తాగునీటి పక్కన పెడుతుంది.

మేడమీది ట్యాంకు నింపడమే అసలు చిక్కు. నీటిని పది మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పీడనం కావాలి. వీధి చివరి ఇంటి కుళాయిలో అంత పీడనం సాధారణంగా ఉండదు. అందువల్ల కొత్తవారు అంగడికి పోయి, ఆ ప్రాంతంలో టుల్లూ పంపు అని పిలిచే చిన్న మోటారును కొని, నేరుగా కుళాయి గొట్టానికే తగిలిస్తారు. ఇది చట్టవిరుద్ధం, అంతకు మించి ప్రమాదకరం. వీధి గొట్టంలో నీరు తక్కువగా ఉన్నప్పుడు మోటారు లాగితే గొట్టం లోపలి పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గిపోతుంది; ఆ గొట్టం మురుగుకాలువను దాటే చోట అతుకు వదులుగా ఉంటే, చుట్టూ ఉన్న మురుగును ఆ సందులో నుంచి లోపలికి పీల్చుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సాగుతుండగానే, రాయపూర్ బస్తీల్లో కామెర్లు ప్రబలిన సంగతి తెలిసికూడా మోటారు తగిలించేవారిని ఏమనాలి?

ఒక తెలుగు కుటుంబం పాతబస్తీ వైపు మేడమీది వాటా అద్దెకు తీసుకుంది. చేరిన రోజున కింది వాటాలోని ముసలావిడ అడగకుండానే బిందెడు నీళ్లు పైకి పంపింది. మెట్లమీద బకెట్లు మోయలేక ఇంటాయన మోటారు తెచ్చి బిగించగా పైన ట్యాంకు పొంగిపొర్లింది, కింద ఆ ముసలావిడ కుళాయి ఎండిపోయింది; ఆవిడ గొడవపడలేదు గానీ పలకరించడం మానేసింది. తరువాత తనిఖీకి వచ్చిన సిబ్బంది మోటారు పట్టుకుపోయారు. ఇంట్లో అబ్బాయి కళ్లు పచ్చబడి వైద్యుడి దగ్గరకు వెళితే ఆయన మొదట అడిగిన ప్రశ్న నీళ్లు ఎలా పడుతున్నారన్నదే. పరాయి ఊళ్లో మొదటి బిందె ఇచ్చిన ఇంటితో మాట పోగొట్టుకోవడం మోటారు పోగొట్టుకోవడం కన్నా పెద్ద నష్టమని ఆ కుటుంబానికి ఆ తరువాత తెలిసింది. మోటారును వీధి గొట్టానికి తగిలించవద్దు. ఒక్క పూటకైనా, ఇంట్లో పెళ్లి ఉన్నా, పక్కింటివారు తగిలించినా సరే, తగిలించవద్దు.

సరైన పద్ధతి కష్టమైనది కాదు. కుళాయి మట్టానికి, వీలైతే ఇంకా కిందికి, ఒక నేల ట్యాంకు పెట్టి నీటిని దానంతటదే అందులో పడనివ్వాలి. మోటారు ఆ ట్యాంకు నుంచి మాత్రమే పైకి తోడాలి. నేల ట్యాంకు నోటి దగ్గర బంతి వాల్వు, అంటే నీరు నిండగానే తేలి దారి మూసే బంతి గల వాల్వు, బిగిస్తే తెల్లవారుజామున లేచి కాపలా కాయనవసరం లేదు. ఎంత ట్యాంకు కావాలో తేల్చడానికి పది లీటర్ల బకెట్టును కుళాయి కింద పెట్టి గడియారం చూడాలి: నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు వస్తున్నట్టు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రభుత్వ ప్రమాణం ప్రకారం నలుగురికి 540 లీటర్లు కావాలి కనుక గంటసేపు నీళ్లు వచ్చినా ఇల్లు గడుస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీరే ఒక టన్ను బరువు కాబట్టి పాత మేడమీద పెట్టేముందు ఇంటి యజమానిని అడగాలి.

బోరు నీరు ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. రాయపూర్ నేల కింద ఉన్నది సున్నపురాయి. ఆ రాతిలో నుంచి ఊరే నీటిలో కాల్షియం లవణాలు ఎక్కువగా కరిగి ఉండటం చేత సబ్బు నురగ కట్టదు, గీజరు లోపల తెల్లని పెచ్చు పేరుకుంటుంది, కందిపప్పు ఎన్ని కూతలు వేయించినా పలుకుగానే మిగులుతుంది. నాగావళి నీటితో వెన్నలా ఉడికిన పప్పు తిని పెరిగినవారికి ఈ ఒక్క సంగతే ఊరిని గుర్తుచేసి కళ్లు చెమర్చేలా చేస్తుంది; అక్కడ అమ్మ పప్పులో చింతపండు పిండే వేళకు ఇక్కడ కోడలు ఇంకా మూత తీసి మెదిపి చూస్తూ ఉంటుంది. ఇందుకు మార్గం ఒకటే: బోరు నీటిని స్నానానికి, గిన్నెలకు విడిచి, ఖారూన్ నీటిని వంటకు వేరే ట్యాంకులోనో, కనీసం మూతగల డ్రమ్ములోనో ఉంచుకోవాలి.

మేలో ట్యాంకరు తెప్పించవలసి వస్తే దాని గొట్టం వీధి దుమ్ములో ఈడ్చుకుంటూ వచ్చినదని మరువకుండా, కొసను ముందు కడిగించి, నీటిలో మునగనివ్వకుండా ట్యాంకు అంచుకు పైనే పట్టుకోవాలి. డ్రైవరు తొందరపెట్టినా, మొదట వచ్చే కాసిని నీళ్లను మొక్కలకు పోసి, ఆ తరువాతే ట్యాంకులోకి వదలాలి.