న్యాయశాస్త్ర పరిశోధన – ఉర్దూ దస్త్రాలు

న్యాయశాస్త్రంలో స్నాతకోత్తర విద్యనభ్యసించేవారు పరిశోధనా వ్యాసం వ్రాయవలసి ఉంటుంది. తీర్పులను ఏర్చి కూర్చినంత మాత్రాన అది పరిశోధన కాజాలదు. చట్టం ఎవరి కొరకు పుట్టినదో వారికి చేరినదా లేదా అని విచారించడమే పరిశోధనకు ప్రాణం.

ఇందుకు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల భూసమస్యయే తగిన ఉదాహరణం. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. అందలి 38-ఇ సెక్షను క్రింద 1973 జనవరి 1 నుండి, కొన్ని పరిమితులకు లోబడి, వారికి యాజమాన్య హక్కు సంక్రమించింది.

అయితే ఫలానా రైతు రక్షిత కౌలుదారని నిరూపించేదేది? రక్షిత కౌలుదారుల రిజిస్టరు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ మొదలైన దస్త్రాలే. పాత దస్త్రాలు పెక్కు ఉర్దూలో ఉన్నవి. రైతు సాక్ష్యం తెలుగులో, హైకోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంటాయి. ‘పట్టాదార్’ అనగా పట్టా గలవాడు. ‘కాబిజ్’ అనగా భూమి స్వాధీనంలో ఉన్నవాడు. ఈ భేదమెరుగని అనువాదంతో దున్నేవాని హక్కే తారుమారు కావచ్చు.

కావున పరిశోధకుడు మొదట మూల దస్త్రం చదవాలి. పిదప గ్రామానికి వెళ్లి సాగుదారులను విచారించాలి. అటుపిమ్మట తీర్పులతో సరిపోల్చాలి. ఉర్దూ, తెలుగు రెండూ నేర్చిన మన విద్యార్థులు ఈ పనికి పూనుకొందురు గాక!