తెరిచే చేతి కోసం

విశాఖపట్నం

చిరంజీవి స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సైన్యానికి పరికరాలు సరఫరా చేసే సంస్థలో, అందులోనూ ప్యాకింగ్ విభాగంలో చేరావని తెలిసి సంతోషించాను. నువ్వడిగిన ప్రశ్న చూసి ఇంకా సంతోషం కలిగింది. "సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఎన్ని వేయాలి పెదనాన్నా? ఇక్కడ అందరూ అలవాటుకొద్దీ వేసేస్తున్నారు, దానికో లెక్క ఉండదా?" అని రాశావు. ఉంది తల్లీ. చెబుతాను. అయితే ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో ముందు తెలుసుకోవాలి.

బజారులో కొన్న మిక్సీని ఇంటికి రాగానే తెరుస్తాం. సైన్యానికి వెళ్లే పెట్టె సంగతి వేరు. హైదరాబాద్‌లో నువ్వు మూసిన పెట్టె మా విశాఖ గోదాములో రెండు మూడు వానాకాలాలు గడపవచ్చు. ఆ తర్వాత లారీ ఎక్కి, రైలెక్కి, విమానమెక్కి లేహ్ చేరవచ్చు. ఏళ్లు గడిచాక ఒక రాత్రి, గడ్డకట్టే చలిలో, మందపాటి చేతి తొడుగులు వేసుకున్న జవాను హడావిడిగా దాన్ని తెరుస్తాడు. లోపలి వస్తువు అప్పుడు పనిచేసి తీరాలి. తిప్పి పంపి ఇంకొకటి తెప్పించుకునే వ్యవధి అతనికి ఉండదు. కాబట్టి ప్యాకింగ్ గురించి ఆలోచించేటప్పుడు ఆ తెరిచే చేతి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. ఎంత కాలం, ఎలాంటి చోట, ఎవరి చేతిలో అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే పెట్టె కొలతలు తియ్యి.

మొదటి శత్రువు తేమ. ఇనుము గాలి తగిలినంత మాత్రాన గబగబా తుప్పు పట్టదు. మలినాలున్న గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే తుప్పు ఒక్కసారిగా జోరందుకుంటుందని వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1930లలోనే ప్రయోగాలు చేసి చూపించాడు. మా సముద్రతీరంలో ఏడాదిలో చాలా రోజులు గాలి తేమ ఆ గీత పైనే ఉంటుంది. పైగా ఉప్పు కూడా కలుస్తుంది.

ఇంకో సంగతి చూడు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున మన గాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 20 డిగ్రీలకు చల్లబడితే అదే గాలి 17 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన ఏడు గ్రాములూ బొట్లుగా మారి అన్నిటికంటే చల్లగా ఉన్న చోట, అంటే తరచుగా లోహం మీదే, కూర్చుంటాయి. వాన చుక్క తగలని పెట్టెలో కూడా పరికరం తడిసిపోయేది ఇలాగే. నీళ్లు చొరబడని సంచి వేసినంత మాత్రాన సరిపోదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. మూసేటప్పుడే లోపల ఉన్న తేమ సంగతి కూడా చూడాలి. తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీకి వాసెన ఎంత బిగించి కడితే మాత్రం ఏం లాభం?

తుప్పుకు తోడు బూజు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సేనల గుడారాలు కుళ్లిపోయాయి. సోలమన్ దీవుల్లో అలా పాడైన నూలు గుడారపు గుడ్డ నుంచి వేరుచేసిన ట్రైకోడెర్మా అనే బూజు సంతతినే ఇవాళ నూలునీ కాగితాన్నీ కరిగించే ఎంజైములు తయారుచేయడానికి పరిశ్రమల్లో వాడుతున్నారు. దాని ఆకలి అంతటిది. మన దేశంలో సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు జేఎస్ఎస్ 55555 ప్రమాణం ప్రకారం చేసే పరీక్షల్లో బూజు పరీక్ష, ఉప్పునీటి తుంపర పరీక్ష ఉన్నది ఇలాంటి అనుభవాల వల్లే. ఆ పరీక్షలు నెగ్గిన పరికరం చుట్టూ నూలు గుడ్డో, మామూలు అట్టో చుట్టి బూజుకు మేత పెట్టకూడదు.

ఇక పని వరుస. ముందు శుభ్రం చేయడం, తర్వాత ఆరబెట్టడం, ఆ తర్వాతే పూత. ఈ వరుస ఎప్పుడూ తప్పకు. మెరుగుపెట్టిన బేరింగును ఉత్త చేత్తో పట్టుకుంటే చెమటలోని ఉప్పు దాని మీద ఉండిపోతుంది. కొన్నాళ్లకు విప్పి చూస్తే ఆ తుప్పు మచ్చలో వేలిముద్ర గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే శుభ్రం చేసిన భాగాన్ని తొడుగులు లేకుండా తాకనివ్వకు, ఎంత పెద్దవారైనా సరే.

పూత అంటే ఒకప్పుడు చిక్కటి గ్రీజే. రెండో ప్రపంచ యుద్ధం నాటి తుపాకులను కాస్మొలిన్ అనే మైనం లాంటి పదార్థంలో ముంచి దాచేవారు. ఉక్కును అది భద్రంగానే కాపాడింది, కానీ దాన్ని వదిలించడం పెద్ద పని. ఇప్పుడు చాలా చోట్ల తుప్పును ఆపే వీసీఐ కాగితం, వీసీఐ సంచులు వాడుతున్నారు. వాటిలోని రసాయనం మెల్లగా ఆవిరై, మన చెయ్యి పోని సందుల్లోకి కూడా వెళ్లి లోహం మీద పలుచని పొరగా కూర్చుంటుంది. తెరిచిన జవాను ఏదీ తుడవాల్సిన పని ఉండదు. కానీ ఉక్కుకు మేలుచేసే వీసీఐ రాగికో, జింకుకో, కాడ్మియం పూతకో కీడు చేయవచ్చు. కటకాలు, మందుగుండు ఉన్న చోట స్పష్టమైన అనుమతి లేకుండా దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికి వద్దాం. పూర్తి రక్షణ కావాలంటే అల్యూమినియం రేకు పొర ఉన్న సంచి కావాలి. ఉత్త పాలిథిన్ నీటిని ఆపుతుంది కానీ ఆవిరిని మెల్లగా లోపలికి రానిస్తూనే ఉంటుంది. రేకు సంచిలో పెట్టే తేమ పీల్చే పొట్లాలకు అమెరికన్ సైనిక ప్రమాణం మిల్-స్టాండర్డ్-2073 చక్కటి సూత్రం ఇచ్చింది. ముందు "యూనిట్" అంటే ఏమిటో తెలుసుకో. 25 డిగ్రీల దగ్గర, 20 శాతం తేమలో కనీసం 3 గ్రాములు, 40 శాతం తేమలో కనీసం 6 గ్రాముల నీటిని పట్టుకోగల పొడి ఒక యూనిట్. సంచి ఉపరితలం ఎన్ని చదరపు అడుగులో దాన్ని 1.6తో గుణించు. లోపల వేసిన మెత్తలు, దిమ్మల బరువును పౌండ్లలో తీసుకుని, చెక్కగానీ అట్టగానీ అయితే 8తో, సింథటిక్ ఫోమ్ అయితే 0.5తో గుణించి దానికి కలుపు.

ఉదాహరణకు 20 చదరపు అడుగుల సంచి, లోపల 2 పౌండ్ల చెక్క దిమ్మలు అనుకో. 32కి 16 కలిపితే 48 యూనిట్లు. అదే దిమ్మల చోట అంతే బరువు ఫోమ్ పెడితే 33 యూనిట్లు చాలు. ఎందుకింత తేడా అంటే, ఆరినట్టే కనిపించే చెక్కలో కూడా నీరు దాగి ఉంటుంది. 12 శాతం తేమ ఉన్న పది కిలోల చెక్కలో కిలోకు పైగా నీరుంటుంది. అందులో కొంత మూసిన సంచిలో మెల్లగా బయటికొస్తుంది. కొన్ని రకాల చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి జింకు, కాడ్మియం పూతలను తినేస్తుంది కూడా. చెక్కను సంచి బయటే ఉంచగలిగితే మన ఉదాహరణలో పొట్లాలు మూడో వంతు తగ్గించుకోవచ్చు, భయమూ తగ్గుతుంది. ఈ లెక్క వేసి చూపిస్తే మీ వాళ్లు అలవాటు మార్చుకుంటారు, ఎవరితోనూ వాదం పెట్టుకోవక్కర్లేదు.

పొట్లాల డబ్బా తెరిచిన క్షణం నుంచే అవి గదిలో తేమ తాగడం మొదలుపెడతాయి. అన్నీ సిద్ధం చేసుకుని, చివర్న పొట్లాలు పెట్టి, వెంటనే సీలు వెయ్యి. పొట్లాన్ని వస్తువుకు తగలకుండా, కదలకుండా కట్టు. సీలు వేశాక అంచును వెలుతురుకు పట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో తడిమి చూడు. వెంట్రుకంత ముడత ఉన్నా తేమకు అది దారే. అక్కడ మళ్లీ వేడి పెట్టాల్సిందే.

రెండో శత్రువు దెబ్బ. దీనికి చిన్న లెక్క చాలు. 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన పెట్టెలో ఫోమ్ 2.5 సెంటీమీటర్లు అణిగి ఆగితే, పరికరం మీద సగటున దాని బరువుకు 31 రెట్ల దెబ్బ పడుతుంది. 5 సెంటీమీటర్లు అణిగితే 16 రెట్లే. గరిష్ఠ దెబ్బ ఈ సగటు కంటే ఇంకా ఎక్కువ. ఈ విద్యకు 1945లో రేమండ్ మిండ్లిన్ గట్టి గణిత పునాది వేశాడు, వీలైతే ఆయన వ్యాసం సంపాదించి చదువు. మరీ గట్టి ఫోమ్ అణగదు, మరీ మెత్తది పూర్తిగా అణిగిపోతుంది. పరికరం బరువు తెలియకుండా ఫోమ్ ఎంచుకోవడం కుదరదు.

మూడోది ఎత్తు. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం మన తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. విశాఖలో గాలి ఆడకుండా బిగించిన లోహపు పెట్టె మూతను లోపలి గాలి అక్కడ చదరపు మీటరుకు మూడున్నర టన్నుల బలంతో బయటికి తోస్తుంది. వాల్వు లేని పెట్టెను ఆ స్థితిలో తెరవబోతే మూత మనిషి మీదికి ఎగిరి రావచ్చు. అందుకే అలాంటి పెట్టెకు ప్రెషర్ రిలీఫ్ వాల్వు ఉండాలి. తెరిచే ముందు ఏ మీట నొక్కి గాలి వదలాలో దాని పక్కనే పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

ఇప్పుడు ఆ తెరిచే చేయి. 1943లో అమెరికాలో వెస్టా స్టౌట్ అనే అమ్మ ఇల్లినాయి రాష్ట్రంలోని మందుగుండు కర్మాగారంలో ప్యాకింగ్ పని చేసేది. తూటాల అట్టపెట్టెలకు కాగితపు టేపు వేసి మైనంలో ముంచేవారు. లాగి తెరవడానికి వదిలిన టేపు కొస తెగిపోతోందని ఆమె గమనించింది. శత్రువు కాలుస్తుండగా సైనికుడు ఆ పెట్టెతో కుస్తీ పట్టాల్సి వస్తుందని ఆమె బెంగ. నీటికి తట్టుకునే గుడ్డ టేపు వాడితే సరిపోతుందని పైవాళ్లకు చెప్పింది. పని జరగలేదు. కొడుకులిద్దరూ నౌకాదళంలో ఉన్న ఆ తల్లి ఫిబ్రవరిలో ఏకంగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే బొమ్మ గీసి ఉత్తరం రాసింది. యుద్ధ ఉత్పత్తి మండలి ఒప్పుకుంది, జాన్సన్ అండ్ జాన్సన్ తయారుచేసింది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న డక్ట్ టేపు కథ ఇదే. ఆమె దగ్గర ఇంజనీరింగ్ లెక్కలేవీ లేవు. తెరిచే వాడి చేతులు ఎలా ఉంటాయో ఆమె ఊహించగలిగింది.

నువ్వూ అలాగే చూడు. చెక్కపెట్టె మూతకు మేకుల బదులు స్క్రూలో, కొక్కేలో పెట్టించు. తొడుగులతో పట్టుకోవడానికి వీలుగా పిడులు ఉండాలి. ఇద్దరు మోయాల్సిన పెట్టెకు నాలుగు పిడులుండాలి. లోపల పొట్లాలెన్ని, రంధ్రాలకు పెట్టిన మూతబిళ్లలెన్ని అన్నది పెట్టె మీద అంకెతో రాయించు. ఇంజనులో పెట్టిన ఒక్క పొట్లం తీయడం మరిచిపోయి నడిపితే మనం కాపాడిన యంత్రాన్ని మన పొట్లమే పాడుచేస్తుంది. సంచి బయటి నుంచి కనిపించేలా తేమ సూచిక కార్డు అమర్చు. కోబాల్ట్ ఉన్న పాత రకం కార్డు పొడిగా ఉన్నప్పుడు నీలంగా ఉండి, తేమ చేరితే గులాబీగా మారుతుంది. కోబాల్ట్ ఆరోగ్యానికి మంచిది కాదు కనుక ఇప్పుడు అది లేని కార్డులు వచ్చాయి, వాటినే అడుగు. గోదాములో నెలకోసారి కార్డు చూసే మనిషి, రంగు మారితే తెరిచి మళ్లీ కట్టే ఏర్పాటు ఉంటేనే నిల్వ అన్నదానికి అర్థం.

నీకు నేను అప్పగించే పని ఒకటుంది. మీరు ఖాయం చేసిన ప్రతి కొత్త ప్యాకింగ్‌నీ, దాన్ని కట్టిన వాళ్లతో కాకుండా ఎన్నడూ చూడని మనిషితో ఒకసారి తెరిపించు. తొడుగులు వేసుకోమను, దీపాలు ఆర్పు, నువ్వు నోరు విప్పకుండా పక్కన నిలబడు. అతను ఎక్కడ తడబడ్డాడో అక్కడ మీ డ్రాయింగు మార్చాలి. అధికారులు సమయం లేదంటే ఈ ఉత్తరం చూపించు, మార్చిన డ్రాయింగు నాకు పంపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న