వెబ్ పేజీలో పట్టిక: కంటికి ఒకటి, చెవికి ఒకటి

ఒక వెబ్ పేజీలో ఉష్ణోగ్రతల పట్టిక ఉందనుకుందాం. ఎడమ పక్క ఊళ్ల పేర్లు, పైన ‘గరిష్ఠం’, ‘కనిష్ఠం’ అనే శీర్షికలు. 38 అనే అంకె ఏ ఊరిదో, గరిష్ఠమో కనిష్ఠమో చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది. చూపు లేనివారికి ఆ పేజీని స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. గీతలు, రంగులు చూసి అది పట్టికను అర్థం చేసుకోదు. పేజీ వెనుక ఉన్న హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులే దానికి ఆధారం.

ఆ ట్యాగులు కొన్నే. పట్టిక మొత్తానికి ‘టేబుల్’, అడ్డు వరుసకు ‘టీఆర్’, మామూలు గడికి ‘టీడీ’, శీర్షిక గడికి ‘టీహెచ్’. శీర్షికను కూడా టీడీలోనే రాసి, అక్షరాలను లావుగా చేసి సరిపెట్టేవారున్నారు. తెర మీద తేడా కనిపించదు. వినేవారికి మాత్రం ‘38’ అని ఒంటరి అంకె వినిపించవచ్చు. టీహెచ్ వాడి, ఆ శీర్షిక అడ్డు వరుసదా నిలువు వరుసదా అన్నది ‘స్కోప్’తో చెబితే, పక్క గడికి జరిగినప్పుడు ‘గరిష్ఠం’ అనీ, కింది గడికి దిగినప్పుడు ఊరి పేరూ అంకెతో పాటు వినిపిస్తాయి. పట్టిక దేని గురించో ‘క్యాప్షన్’ చెబుతుంది.

పట్టికలు 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి వచ్చాయి. అప్పట్లో పేజీని నిలువు భాగాలుగా విడగొట్టడానికి వేరే మంచి దారి లేదు. అందుకే డిజైనర్లు గీతలు కనిపించని పట్టికలతో పేజీ మొత్తాన్నీ కట్టేశారు. ఖాళీ జాగా కోసం కంటికి కనిపించని చిన్న బొమ్మలు కూడా పెట్టారు! తెలివైన ఉపాయమే కానీ, స్క్రీన్ రీడర్ గడులను వరుసలవారీగా చదువుతుంది. పక్కపక్కన ఉన్న రెండు వార్తలను వరుసలుగా ముక్కలు చేస్తే, ఒకదాని మధ్యలో రెండోది దూరుతుంది. పేజీ అమరిక కోసం పట్టికలు వాడవద్దని 1999లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు సూచించాయి, వరుసగా చదివినా అర్థమయ్యేవాటికి తప్ప.

ఇప్పుడు ఆ పని సీఎస్‌ఎస్‌ది. 2017లో ప్రధాన బ్రౌజర్లకు ‘గ్రిడ్’ వచ్చాక పాత సాకు మిగల్లేదు. ఈ-మెయిళ్ల తయారీలో మాత్రం అమరిక పట్టికలు ఇంకా తప్పడం లేదు. వాటికి ‘రోల్’ అనే చోట ‘ప్రెజెంటేషన్’ అని రాస్తే స్క్రీన్ రీడర్ వాటిని పట్టికలుగా ప్రకటించదు.

వీటన్నిటికన్నా ఇబ్బంది పరీక్ష ఫలితాలనో బస్సు వేళలనో ఫొటో తీసి పేజీలో అతికించడం. అందులో వరుసలూ ఉండవు, గడులూ ఉండవు. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ తెరిచి, పేజీలో ‘టి’ మీట నొక్కితే తర్వాతి పట్టికకు వెళ్తుంది. ఫొటోలోని పట్టిక మాత్రం దానికి దొరకదు.