మూలల్లో మందం, గోడల్లో పలచన

ప్రశ్న: ఫైబర్‌గ్లాస్ కూలర్ బాడీలు చేస్తున్నాం. మూలలు దళసరిగా, గోడలు పలచగా వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నాందేడ్

జవాబు: రెజిన్ గోడల మీంచి జారి మూలల్లో చేరుతోందండీ. మ్యాట్ ముక్కల అతుకులన్నీ అక్కడే పడితే మందం ఇంకా పెరుగుతుంది. రెజిన్‌ను అంచనాగా పోయకండి, తూకం వేయండి: కిలో మ్యాట్‌కు సుమారు రెండున్నర కిలోలు. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేస్తే దాదాపు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. అతుకులను పొరపొరకూ జరపండి. మూలల్లో నిలిచిన రెజిన్‌ను రోలర్‌తో పైకి లాగండి. మీ ఊరి వేసవి ఎండకు రెజిన్ నీళ్లలా పలచబడుతుంది; పొద్దున్నే పని మొదలుపెట్టండి. హార్డెనర్, కోబాల్ట్ ఎప్పుడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపకండి, పేలే ప్రమాదముంది. అప్పటికీ తేడా తగ్గకపోతే అచ్చునూ ఒక నమూనానూ తీసుకుని విష్ణుపురిలోని ఎస్‌జీజీఎస్ ఇంజినీరింగ్ కళాశాల నిపుణులను అడగండి.