రేకును వెనక్కి తిప్పి చూడండి
(మట్టిలో దొరికిన పాత నగిషీ రేకును గుర్తుపట్టడం ఎలా?)

మెటల్ డిటెక్టర్ కుయ్యిమంటే మనకు తెలిసేది ఒక్కటే: కింద ఏదో లోహం ఉంది. అది దేవుడి రేకో, కూల్‌డ్రింక్ మూతో డిటెక్టర్‌కు అనవసరం. దాని కాయిల్‌లో మారుతూ పోయే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం వల్ల మట్టిలోని లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. అవి తిరిగి పంపే సిగ్నల్‌నే మనం శబ్దంగా వింటాం. సెకండియర్‌లో ఎడ్డీ కరెంట్స్ అని చదువుకున్నది ఇదే. అసలు పని రేకు చేతికి వచ్చాక మొదలవుతుంది.

మాది బెల్లంపల్లి, నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఆన్‌లైన్‌లో చవక డిటెక్టర్లు వచ్చినప్పటి నుంచి దోస్తులు నాకు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతొస్తది రా?" ఇత్తడి కిలో రేటు పాత సామాన్ల దుకాణంలో ఎవరైనా చెప్తారు. "ఇదేంటిది?" అన్న ప్రశ్నకు జవాబు మాత్రం మనమే వెతుక్కోవాలి. ఆ వెతికే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు చేయకూడనిది

చింతపండు, నిమ్మచెక్క, ఇటుకపొడి, ఇసుక కాగితం, వీటిలో ఏదీ ముట్టుకోవద్దు. లోహం మీద పట్టిన పొర మురికి కాదు, సాక్ష్యం. రాగి, ఇత్తడి, కంచు మట్టిలో ఉంటే పచ్చబడతాయి. వెండి నల్లబడుతుంది. ఇత్తడిలోంచి జింకు కరిగిపోతే అక్కడక్కడ గులాబీరంగు రాగి మచ్చలు కనిపిస్తాయి. అల్యూమినియం మీద తెల్లపొడి లేస్తుంది. తోమేస్తే ఇవన్నీ పోతాయి, సన్నటి చెక్కుడు గీతలు కూడా అరిగిపోతాయి.

లేత పచ్చటి పొడి చిన్న చిన్న గుంటల్లోంచి రాలుతుంటే మరింత జాగ్రత్త అవసరం. క్లోరైడ్లు చేరి లోహాన్ని లోపలి నుంచి తినేస్తున్నాయన్న మాట. అలాంటి దాన్ని తడపకుండా పొడి డబ్బాలో పెట్టాలి. మిగతా వాటికి మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపితే చాలు. తీసిన చోటును, ఎంత లోతులో ఉందో, పక్కన ఏం దొరికిందో (పెంకు, బొగ్గు, ఇటుక ముక్క) ఫోన్‌లో ఫోటో తీసి రాసుకోండి.

2. వెనుక వైపు: ఏ చేయి చేసింది?

అందరూ ముందు వైపు బొమ్మ చూస్తారు. నేను ముందు వెనుక వైపు ఫోటో అడుగుతాను. ముందు దేవుడు కనిపిస్తే, వెనుక చేసినవాడు కనిపిస్తాడు.

బొమ్మ ఉబ్బిన చోట వెనుక గుంటలు, వాటిలో చిన్న చిన్న సుత్తి దెబ్బలు ఉంటే అది ఉబ్బెత్తు పని. లక్క పరుపు మీద రేకును ఆనించి, ఉలులతో, సుత్తితో కొట్టి లేపుతారు. లోహం సాగుతుంది కనుక బొమ్మ ఎత్తుగా ఉన్న చోట రేకు పలచబడుతుంది. జనగామ దగ్గరి పెంబర్తి విశ్వకర్మలది ఈ పనే. గుడి వాహనాలకు, రథాలకు, ద్వారాలకు వాళ్ళు ఇత్తడి, రాగి రేకులు తొడిగేవారు. ఈ కళకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వెనుక గుంటలు లేకుండా గరుకుగా, మందంగా ఉండి, అంచున లోహం పోసిన మొక్క మిగిలి ఉంటే అది పోత పని. మన పాత ఆదిలాబాద్ జిల్లాలో ఓజాలు చేసే డోక్రా ఇదే కుటుంబానికి చెందింది. మట్టి ముద్ద మీద తేనెమైనం దారాలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. అందుకే వస్తువు మీద దారం చుట్టినట్టు గీతలు కనిపిస్తాయి. ప్రతిసారీ అచ్చును పగలగొట్టాలి కనుక ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

నల్లటి ఒంటి మీద తెల్లటి వెండి తీగ లేదా రేకు పొదిగి ఉంటే బిద్రీ అనుకోవచ్చు. దాని ఒళ్ళు చాలావరకు జింకు, కొంచెం రాగి. బీదర్ మట్టినీ నవాసాగరాన్నీ కలిపి పట్టిస్తే ఒళ్ళు నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. రేకే లేకుండా సన్నటి మెలి తీగలతో అల్లి ఉంటే కరీంనగర్ ఫిలిగ్రీ గుర్తుకు రావాలి.

చివరిది మిషన్ అచ్చు. మందం అంతటా సమానం. ముందు ఉన్నదే వెనుక అద్దంలోలా తిరగబడి ఉంటుంది. అంచు కత్తిరించినట్టు నున్నగా ఉంటుంది. మన ఫోటోల్లో ఎక్కువ భాగం ఇవే.

3. ముందు వైపు: ఎవరు, ఎందుకు?

మన ప్రాంతంలో నగిషీ రేకు అంటే అలంకారం కోసమే చేసింది అనుకోకూడదు. అరచేతంత రేకు చాలాసార్లు పూజలోంచి వచ్చిందే అయి ఉంటుంది. రెండు ఉదాహరణలు చెప్తాను.

మధ్యలో కత్తి, డాలు, విల్లు పట్టిన మీసాల వీరుడు, పైన సూర్యచంద్రులు, పాదాల పక్కన చేతులు జోడించిన మేక తల మనిషి ఉన్నారనుకోండి. ఆ మేక తల మనిషి దక్షుడు. వీరభద్రుడు దక్షుడి తల నరికాక మేక తల పెట్టిన కథ మనకు తెలిసిందే. అంటే అది వీరభద్ర ఫలకం. దక్కన్‌లో వీరశైవ భక్తులు ఇలాంటివి ఛాతీకో నడుముకో కట్టుకునేవారు. అందుకే పక్కల కొక్కాలో రింగులో ఉంటాయి. కొత్తకొండ, కురవి జాతరలు చూసినవాళ్ళకు ఆ దేవుడి రూపం కొత్తేం కాదు.

గుర్రం మీద కత్తి పట్టిన దొర, వెనుక కూర్చున్న స్త్రీ, కింద కుక్క ఉంటే ఖండోబా. మరాఠీ ఇళ్ళల్లో దేవుడి గూట్లో పెట్టే చిన్న ఉబ్బెత్తు రేకులను ‘టాక్’ అంటారు. చనిపోయిన పెద్దల బొమ్మలతో కూడా టాక్‌లు చేయించుకుంటారు. ఆదిలాబాద్ అటు మహారాష్ట్రను ఆనుకొని ఉంది కనుక ఇవి మన దిక్కు దొరకడంలో వింతేమీ లేదు.

బొమ్మే లేకుండా అక్షరాలు, అంకెలు మాత్రమే ఉంటే బొగ్గూరు చరిత్రలో వెతకండి. 1920ల చివర్లో ఇక్కడికి రైలూ, బొగ్గు బాయీ దాదాపు కలిసే వచ్చాయి. అప్పటి రైల్వే పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనేశాక ‘గ్యారంటీడ్’ మాట పోయింది. కాబట్టి ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉన్న ఇత్తడి బిళ్ళ 1930 నాటికే తయారై ఉండాలి. ఒక్క ‘జి’ అక్షరంతో వయసు తేలిపోయింది చూడండి.

4. లోహం: ల్యాబ్ అక్కర్లేని లెక్క

పచ్చపొడి రాలని రేకు అయితే ఆర్కిమెడిస్‌ను పిలవొచ్చు. రేకును గాలిలో తూచండి, తర్వాత దారంతో నీళ్ళలో వేలాడదీసి తూచండి. గాలిలో 250 గ్రాములు, నీళ్ళలో 220.5 అనుకుందాం. తేడా 29.5. 250ని 29.5తో భాగిస్తే సుమారు 8.47. ఇత్తడి సాంద్రత 8.4 నుంచి 8.7 దాకా ఉంటుంది కనుక ఇత్తడి అనుకోవచ్చు. రాగి 8.96, వెండి 10.49, జింకు 7.14, అల్యూమినియం 2.7. మట్టి ఇరుక్కున్నా, పోతలో బుడగలు ఉన్నా లెక్క తక్కువ చూపిస్తుంది. తూచగానే రేకును పూర్తిగా ఆరబెట్టండి. గీకి చూడటం, యాసిడ్ చుక్క వేయడం కంసాలి దుకాణంలో పనికొస్తాయి, పాత వస్తువు మీద కాదు.

5. చట్టం ఏమంటుంది?

ఇది దాటేసే భాగం కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మట్టిలో దాగి ఉండి, 10 రూపాయల కన్నా ఎక్కువ విలువ చేసేది దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. చెప్పకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1878లో 10 రూపాయలంటే పెద్ద మొత్తం, ఇవాళ టీ కూడా రాదు. అంటే దాదాపు ఏదైనా చెప్పాల్సిందే. మనకైతే అది మంచిర్యాల కలెక్టరేట్. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువే. దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడానికీ వీల్లేదు. ఇక రక్షిత కట్టడాలు, పాత కోటలు, గుళ్ళ చుట్టూ డిటెక్టర్ పట్టుకొని తిరగడం అసలే వద్దు.

6. చోటు ఎందుకంత ముఖ్యం?

మనకు దగ్గర్లోనే, గోదావరి ఒడ్డున, జగిత్యాల జిల్లా కోటిలింగాల ఉంది. అక్కడ చిముకుడి పేరున్న నాణేలు బయటపడ్డాయి. శాతవాహన వంశానికి మొదటివాడిగా పురాణాలు చెప్పే పేరు అది. ఆ నాణేలు కోటిలింగాలలోనే దొరికాయని తెలియడం వల్లే శాతవాహనుల తొలిరోజులను తెలంగాణలో వెతకాలన్న వాదానికి బలం వచ్చింది. అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా ఏ పట్నం బజార్లోనో అమ్ముడుపోయి ఉంటే అవి కొన్ని పాత బిళ్ళలు మాత్రమే. లోహం మారలేదు, అక్షరం మారలేదు, చోటు ఒక్కటి తెలియకపోతే చరిత్రే మారిపోయేది.

రేకుకూ ఇదే వర్తిస్తుంది. పొలం గట్టున దొరికిన వీరభద్రుడు ఆ ఊళ్ళో ఒకప్పుడు ఏ భక్తులు ఉండేవారో చెప్పొచ్చు. ఇంటి పునాదిలో దొరికిన టాక్ మరాఠీ కుటుంబమొకటి ఇటు వచ్చి స్థిరపడిన సంగతి చెప్పొచ్చు. అందులో ఉన్నది వాళ్ళ తాత ముఖమే కావచ్చు. కరిగిస్తే మిగిలేది పావు కిలో ఇత్తడి.

కాబట్టి ఈసారి నాకు ఫోటో పంపేటప్పుడు నాలుగు పంపండి: ముందు, వెనుక, అంచు, దొరికిన గుంత. పక్కన ఒక స్కేలు పెట్టండి. "ఎంతొస్తది" అన్న ప్రశ్నను కొన్నాళ్ళు పక్కన పెట్టండి.