ఒత్వం లేని కీబోర్డు

దసరా సెలవుల్లో మా నాయనమ్మ చెప్పిన కొల్లేటి కబుర్లు టైప్ చేసి మన పత్రికకి ఇద్దామనుకున్నాను. మాది ఏలూరు. నాయనమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో. ఆవిడ చెబుతుంటే నేను టకటకా కొడుతూ పోయాను. స్క్రీన్ వైపు పెద్దగా చూడలేదు. నాలుగు రోజుల క్రితమే కొన్న అల్యూమినియం కీబోర్డు, చూడకుండా టైప్ చేస్తున్నానన్న గర్వం, రెండూ కలిశాయి.

అంతా అయ్యాక చదివి వినిపించాను. "మీ తాత ఆ ఏడు పడవ కన్నాడు" అని వచ్చింది.

నాయనమ్మ ఒక్క క్షణం ఆగి, "నన్ను కన్నది మా అమ్మ, మీ నాన్నని కన్నది నేను, పడవని మీ తాత కన్నాడా?" అంది. ఇల్లంతా నవ్వులు. తర్వాత చూస్తే 'కొల్లేరు' అన్నచోటల్లా 'కల్లేరు', 'కొంగ' బదులు 'కంగ', 'బొచ్చె చేప' బదులు 'బచ్చె చేప'. "ఒత్వం ఏదిరా?" అని అడిగింది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ గుర్తుకి ఒత్వం అని పేరుందని అప్పుడే తెలిసింది.

తప్పు నాదే, కానీ సగం తప్పు కీబోర్డు సైజుది. ఫుల్ సైజ్ కొనాలా, కాంపాక్ట్ కొనాలా అని మన హాస్టల్లో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇంటర్నెట్‌లో దొరికే పోలికలన్నీ ఇంగ్లీషు టైప్ చేసేవాళ్ళ కోసం రాసినవే. తెలుగు కొట్టేవాళ్ళ వైపు నుంచి ఒకసారి చూద్దాం.

సైజులంటే ఏమిటి

ఫుల్ సైజ్ అంటే మామూలుగా 104 కీలు. కుడి చివర 17 కీల నంబర్ ప్యాడ్ తీసేస్తే 87 మిగులుతాయి, దాన్ని టీకేఎల్ అంటారు. అందులోంచి పైనున్న ఎస్కేప్, ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా 13 కీలు, ప్రింట్ స్క్రీన్ దగ్గరి 3, హోమ్, డిలీట్ ఉండే గుంపులో 6, బాణం గుర్తులు 4, మొత్తం 26 తీసేయండి. 61 మిగులుతాయి. దీన్నే 60 శాతం కీబోర్డు అంటారు. నేను కొన్నది అదే.

ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి దూరం సాధారణంగా 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. ఫుల్ సైజ్‌లో కీలు పరుచుకునే వెడల్పు 22.5 కీలంత, అంటే సుమారు 43 సెంటీమీటర్లు. టీకేఎల్‌లో 18.25, సుమారు 35 సెంటీమీటర్లు. 60 శాతంలో 15, సుమారు 29 సెంటీమీటర్లు. నంబర్ ప్యాడ్ లేకపోతే మౌస్ 8 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు దూరం దగ్గరికి వస్తుంది. రోజంతా మౌస్ పట్టుకునేవాళ్ళ భుజానికి ఆ బెత్తెడు చాలా తేడా. హాస్టల్ టేబుల్ మీద పుస్తకం పెట్టుకోవడానికి కూడా.

అల్యూమినియం కీబోర్డు అనగానే చాలామందికి యాపిల్ గుర్తొస్తుంది. 2007 ఆగస్టులో యాపిల్ రెండు పలచటి అల్యూమినియం కీబోర్డులు తెచ్చింది. నంబర్ ప్యాడ్‌తో వైరు ఉన్నది ఒకటి, నంబర్ ప్యాడ్ లేని వైర్‌లెస్ ఒకటి. 2009 మార్చిలో వైరుతోనే కాంపాక్ట్ కూడా వచ్చింది. 2015లో మ్యాజిక్ కీబోర్డు నంబర్ ప్యాడ్ లేకుండా వచ్చింది, కానీ 2017లో నంబర్ ప్యాడ్ ఉన్న రకాన్ని మళ్ళీ తేవాల్సి వచ్చింది. అంకెలు కొట్టేవాళ్ళు ఎక్కడికీ పోలేదన్నమాట.

చిన్న గమనిక: డీటీపీ సెంటర్‌కి వెళ్ళి యాపిల్ కీబోర్డు అంటే వాళ్ళు ఈ లోహపు కీబోర్డు అనుకోరు. అను ఫాంట్లతో వాడే ఒక అక్షరాల అమరిక పేరు అది. నేను మాట్లాడేది ఇన్‌స్క్రిప్ట్ అమరిక గురించి.

ఒత్వం ఎక్కడికి పోయింది

ఇన్‌స్క్రిప్ట్ భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో చేసిన అమరిక. 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో ఇది ఉంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు కలుపుకుంటే వచ్చేది ఇదే. లాజిక్ చాలా నీట్‌గా ఉంటుంది. అచ్చులు, గుణింతం గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. షిఫ్ట్ నొక్కితే 'క' కాస్తా 'ఖ' అవుతుంది, 'త' కాస్తా 'థ' అవుతుంది. ఏత్వం ఉన్న కీని షిఫ్ట్‌తో నొక్కితే 'ఏ' వస్తుంది. డి కీ మీద పొల్లు, దాన్నే షిఫ్ట్‌తో నొక్కితే 'అ'.

మన అక్షరాలు ఎక్కువ కాబట్టి ఇంగ్లీషు అక్షరాల 26 కీలు చాలవు. 'చ' సెమికోలన్ మీద, 'ట' దాని పక్క కోట్ గుర్తు మీద, 'డ' చదరపు బ్రాకెట్ మీద, 'య' స్లాష్ మీద ఉంటాయి. ఇక ఒత్వం, షిఫ్ట్‌తో 'ఒ', ఒకటి అంకెకి ఎడమవైపు ఉండే బ్యాక్‌టిక్ కీ మీద ఉన్నాయి.

60 శాతం కీబోర్డుల్లో పై వరుస తీసేశారు కదా, ఎస్కేప్ ఎక్కడ పెట్టాలి? చాలా మోడళ్ళలో బ్యాక్‌టిక్ స్థానంలోనే పెట్టేశారు. బ్యాక్‌టిక్ కావాలంటే ఫంక్షన్ కీతో కలిపి నొక్కాలి. ఇంగ్లీషు రాసేవాడికి బ్యాక్‌టిక్ ఎప్పుడో ఒకసారి కావాలి. మనకి? 'కొల్లేట్లో కొంగ కొర్రమీనుని కొట్టింది' అని రాస్తే ఒక్క వాక్యంలో నాలుగు ఒత్వాలు. నా వేలు అలవాటుగా ఆ మూలకి వెళ్ళిన ప్రతిసారీ ఎస్కేప్ పడింది, అక్షరం పడలేదు. ఇక 'ఒ' కావాలంటే ఫంక్షన్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. 'అనగనగా ఒక ఊళ్ళో' అని కథ మొదలుపెట్టడానికే మూడు వేళ్ళు.

యాపిల్ కాంపాక్ట్‌లో గానీ, టీకేఎల్‌లో గానీ ఈ ఇబ్బంది లేదు. వాటిలో పై వరుస ఉంది, ఎస్కేప్ అక్కడే ఉంటుంది. కాబట్టి కాంపాక్ట్ అన్న ఒక్క మాట చూసి కొనకండి. ఒకటి అంకెకి ఎడమ పక్కన ఏ కీ ఉందో ఫొటో జూమ్ చేసి చూడండి.

డిలీట్ కీ కూడా ముఖ్యమే

'స్త్రీ' అనే అక్షరం చూడటానికి ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. విండోస్‌లో సాధారణంగా బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి ముక్క ఒక్కటే పోతుంది. కర్సర్‌ని అక్షరం ముందు పెట్టి డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం ఒకేసారి పోతుంది. గుణింతం ఒక్కటే తప్పయితే బ్యాక్‌స్పేస్ మంచిది, అక్షరమే తప్పయితే డిలీట్ మంచిది. అంటే ప్రూఫ్ దిద్దేవాళ్ళకి రెండూ వేరువేరు పనిముట్లు. ఫుల్ సైజ్, టీకేఎల్‌లో డిలీట్‌కి సొంత కీ ఉంటుంది. యాపిల్ కాంపాక్ట్‌లో ఫంక్షన్ కీతో కలిపి నొక్కాలి. 60 శాతంలో డిలీటే కాదు, కర్సర్ కదిపే బాణాలకి కూడా ఫంక్షన్ కీ పట్టుకోవాలి. రాయడం వరకు పర్లేదు, దిద్దడం మాత్రం విసుగు.

నాన్న కీబోర్డు

మా నాన్న చేపల కమీషన్ షాపులో లెక్కలు రాస్తారు. శీలావతి ఎన్ని కిలోలు, బొచ్చె ఎన్ని కిలోలు, రేటు ఎంత, ఐసు ఖర్చు ఎంత, లారీ కిరాయి ఎంత. లోడు కడుతున్నప్పుడు ఎడమ చేతిలో తూకం చీటీ, కుడి చేయి నంబర్ ప్యాడ్ మీద. ఐదు అంకె మీద చిన్న గీత తడిమి చూసుకుంటే చాలు, మిగతా అంకెలు వాటంతటవే దొరుకుతాయి. నా కీబోర్డు చూపించి "స్టైల్‌గా ఉంది కదా" అన్నాను. ఒక బిల్లు కొట్టి చూసి, "అంకెలకి రెండు చేతులూ కావాలి, చీటీ నోట్లో పెట్టుకోమంటావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ షాపులో ఎప్పుడూ తడి, ఐసు నీళ్ళు. అక్కడికి ఏ లోహపు కీబోర్డూ వద్దని నా అభిప్రాయం. పైన అల్యూమినియం ఉన్నా లోపలి సర్క్యూట్ బోర్డుకి నీళ్ళు పడవు. పాడైతే బాధ లేకుండా మార్చుకోగలిగే ప్లాస్టిక్ ఫుల్ సైజే అక్కడ కరెక్ట్.

అల్యూమినియం సంగతి

అల్యూమినియం వల్ల లాభాలు నిజమే. ఉక్కు సాంద్రతలో మూడో వంతే ఉంటుంది, అయినా పలచటి రేకు కూడా వంగకుండా నిలుస్తుంది. పైన యానోడైజింగ్ చేసి గట్టి ఆక్సైడ్ పొర పెంచుతారు. ఆ పొర గీసుకుపోయిన చోట చెమటలోని ఉప్పు తగిలితే చిన్న చిన్న గుంటలు పడతాయి. గుడ్డతో తుడుస్తూ ఉండాలి. వేడిని ప్లాస్టిక్ కన్నా దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. అందుకే పొద్దున చల్లగా, మే నెల మధ్యాహ్నం కిటికీ పక్కన పెడితే పెనంలా అనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది, ఇది సీరియస్‌గా చదవండి. ఇంట్లో చెప్పుల్లేకుండా కూర్చుని టైప్ చేస్తుంటే మణికట్టుకి జివ్వుమంది. కీబోర్డు పాడైందనుకున్నాను. కాదు. మా ప్లగ్గులో ఎర్త్ కనెక్షన్ లేదు. కంప్యూటర్ పవర్ సప్లైలో నాయిస్ ఆపడానికి ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ ఉంటే ఆ కొద్ది కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230 వోల్టుల్లో దాదాపు సగం నిలుస్తుంది. అది యూఎస్‌బీ కేబుల్ పైతొడుగు ద్వారా కీబోర్డు లోహానికి చేరుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుందంతే. కానీ అది ఇంట్లో ఎర్త్ లేదని చెప్పే హెచ్చరిక. రేపు గీజర్‌లోనో మోటార్‌లోనో నిజంగా లీకైతే కాపాడేది ఆ ఎర్తే. ప్లాస్టిక్ కీబోర్డు కొని ఆ విషయం దాచేయొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మేం పిలిచాం.

ఏది కొనాలి

లెక్కలు, టాలీ, ఎక్సెల్ పని ఉంటే ఫుల్ సైజ్. తెలుగు, కోడింగ్ రెండూ చేస్తూ టేబుల్ చిన్నదైతే టీకేఎల్, లేదా పై వరుస ఉన్న కాంపాక్ట్. 60 శాతం ఇప్పటికే కొనేసి ఉంటే నాలాగా ఇలా చేయండి. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు, కాబట్టి క్యాప్స్ లాక్ మనకి దండగ. విండోస్ పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గా, ఎస్కేప్‌ని బ్యాక్‌టిక్‌గా మార్చండి. రెండు నిమిషాల పని. మూలలో మళ్ళీ ఒత్వం, షిఫ్ట్‌తో 'ఒ'.

'kolleru' అని కొట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చింది తీసుకుంటే పోదా అని మీరు అడగొచ్చు. పోతుంది. నేనూ మొన్నటిదాకా అలాగే చేశాను. కానీ ఇంగ్లీషు ఓ అక్షరానికి ఒత్వమా ఓత్వమా అన్న తేడా తెలీదు, ఎల్‌కి 'ల', 'ళ' తేడా తెలీదు. ఆ తేడాలు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అని వదిలేశాను కాబట్టే, పేజీ నిండా ఒత్వాలు పోయినా నాకు కనపడలేదు, విన్న నాయనమ్మకి మాత్రం వెంటనే తెలిసింది.

ప్రాక్టీస్‌కి మన ఊళ్ళు మూడు. ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుని ఇంగ్లీషు కీలు ఈ వరుసలో నొక్కండి.

ఏలూరు: షిఫ్ట్‌తో ఎస్, తర్వాత ఎన్, టి, జె, జి.

తాడేపల్లిగూడెం: ఎల్, ఇ, ఎడమ చదరపు బ్రాకెట్, ఎస్, హెచ్, ఎన్, డి, ఎన్, ఎఫ్, ఐ, టి, మళ్ళీ అదే బ్రాకెట్, జెడ్, ఎక్స్. ఇంత పెద్ద పేరులో ఒక్కసారి కూడా షిఫ్ట్ అక్కర్లేదు.

కొల్లేరు: కె, బ్యాక్‌టిక్, ఎన్, డి, ఎన్, ఎస్, జె, జి.

మూడోది కొట్టాక స్క్రీన్ వైపు చూడండి. 'కల్లేరు' అని పడితే మీ కీబోర్డు కూడా నా కీబోర్డు లాంటిదే.

నాయనమ్మ కబుర్లు మళ్ళీ మొదటి నుంచి దిద్దాను. ఆటపాకలో గూడబాతులు, వరదొస్తే లంకలో పడవ మీద వంట, అన్నీ ఉన్నాయి. వచ్చే సంచికలో చదవండి. అందులో మా తాత పడవ కొన్నాడు.