తన్నే గేదెకు మూడు ప్రశ్నలు

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. డెల్టాలో ఒక ఊరి నుంచి కబురొచ్చింది: "గేదె తంతోందండీ, పాలు పిండనివ్వడం లేదు." వెళ్లి చూశాను. మేత తింటోంది, నెమరు వేస్తోంది, జ్వరం లేదు. పొదుగు పైపైన తడిమాను. "దీనికి పొగరండీ" అన్నాడు రైతు. నేనూ తలూపాను. వెనక కాళ్లకు బంధం వేసి పిండమని చెప్పి, సంచి సర్దుకుని వచ్చేశాను.

ఆరో రోజున మళ్లీ కబురు. ఎడమ వెనక చన్ను రాయిలా గట్టిపడి ఉంది. పిండితే పసుపు పచ్చని నీళ్లు, గడ్డలు. పొదుగువాపు ముదిరిపోయింది. మందులు వాడాం, గేదె దక్కింది, ఆ చన్ను మాత్రం ఎండిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ నెమ్మదిగా అంది: "ఆ చన్ను ముట్టుకుంటేనే తన్నేది బాబూ. మిగతా మూడూ పిండనిచ్చేది." మొదటి రోజే ఆవిడకు ఆ సంగతి తెలుసు. నేనే అడగలేదు.

పశువైద్యశాలలో, పాల డెయిరీలో, కోళ్ల ఫారంలో, కుక్కల క్లినిక్‌లో కొత్తగా పనిలో చేరుతున్నవాళ్లకు నేను చెప్పగలిగినదంతా ఆ ఎండిపోయిన చన్ను దగ్గరే మొదలవుతుంది. ప్రవర్తన మారిందంటే లోపల ఏదో మారింది. దాన్ని అణచడానికి ముందు చదవాలి.

మూడు ప్రశ్నలు

"ఎందుకు తంతోంది?" అని ఇంటివాళ్లను అడిగితే "పొగరు", "మొండి", "దిష్టి" అనే జవాబులే వస్తాయి. అందుకని ఆ పెద్ద ప్రశ్నను చిన్న ముక్కలుగా చేసి అడగడం అలవాటు చేసుకున్నాను.

ఎప్పటి నుంచి? నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న పశువు ఇవాళ తంతోందంటే ముందు నొప్పినే అనుమానించండి. చన్ను పగులు, గిట్టలో పుండు, కడుపు ఉబ్బరం, ఏదైనా కావచ్చు. అవేవీ లేవని తేలాకే అలవాటు గురించి ఆలోచించాలి.

ఎప్పుడెప్పుడు? రోజంతానా, పాలు పిండేటప్పుడేనా? ఎవరు పిండినా తంతోందా, ఒక్క మనిషికేనా? ఏ చన్ను దగ్గర? ఈ ప్రశ్న వేసి ఉంటే నాకు ఆ రోజే రోగం దొరికేది.

అంతకు ముందు ఏం మారింది? కొత్త దాణా, కొత్త పాలేరు, దూడ చనిపోవడం, కట్టుగుంజ మార్చడం, పక్కింటి పెళ్లిలో డప్పులు. ఇంటివాళ్లకు చిన్నవిగా తోచి చెప్పనివన్నీ ఇందులోనే బయటపడతాయి.

ఈ ప్రశ్నలు ఇంటి యజమానిని అడిగి ఊరుకోకండి. డాక్టరు వచ్చాడంటే మగవాళ్లు ముందుకొచ్చి మాట్లాడతారు. మేత వేసేది, పేడ ఎత్తేది, పాలు పిండేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. "అమ్మా, నిన్న కుడితి పూర్తిగా తాగిందా?" అని ఆవిడ వైపు తిరిగి అడగండి. సగం రోగనిర్ధారణ ఆవిడ దగ్గర ఉంటుంది.

ముట్టుకునే ముందు రెండు నిమిషాలు

బాగున్న పశువు ఎలా ఉంటుందో కళ్లకు అలవాటైతేనే బాగులేనిది కనబడుతుంది. పెద్ద ఆవు రోజులో 10 నుంచి 14 గంటలు పడుకుంటుంది. ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. ముట్టె తడిగా ఉంటుంది. మీరు గుమ్మంలోకి రాగానే చెవులు మీ వైపు తిరుగుతాయి. తల వాల్చి మూలన నిలబడినా, పళ్లు నూరుతున్నా, మందకు ఎడంగా ఉన్నా, పడుకోవలసిన వేళ నిలబడే ఉన్నా సంచి తెరవకముందే మీకు సమాచారం అందినట్లే. ఈని రెండు మూడు రోజులైన పాడి పశువు మెడ డొక్క వైపు తిప్పి, చెవులు చల్లబడి కూలబడిందంటే పాలజ్వరం అయి ఉండవచ్చు. అక్కడ ఆలస్యం పనికిరాదు.

కృత్రిమ గర్భధారణ సూదులు వేసే ఉద్యోగంలోనైతే మీ పని సగం ప్రవర్తన చదవడమే. వేసవిలో గేదెల ఎద బయటికి సరిగ్గా కనబడదు. మూగ ఎద అంటాం. అరుపు ఉండకపోవచ్చు. పాలు తగ్గడం, మాటిమాటికి మూత్రం పోయడం, తీగలు సాగే తేట జిగురు, ఇవి చూడాలి. రాత్రి చివరి జాములో, తెల్లవారుజామున గమనించమని ఇంటివాళ్లకు నేర్పండి. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయించాలన్నది పాత లెక్కే, ఇప్పటికీ పనికొస్తుంది.

దగ్గరికి వెళ్లే తీరు

ఆవుకు కళ్లు తలకు పక్కల ఉంటాయి. చుట్టూ చాలావరకు కనబడుతుంది, సరిగ్గా వెనక మాత్రం కనబడదు. వెనక నుంచి చప్పుడు చేయకుండా వెళ్లినవాడికి తన్ను తగిలితే తప్పు పశువుది కాదు. పక్క నుంచి, మాట్లాడుతూ, భుజం వైపుగా వెళ్లండి. పశువుల ప్రవర్తన మీద జీవితమంతా పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ రైతులకు నేర్పే పాఠం ఇదే: భుజాన్ని ఒక గీతగా అనుకోండి. దాని వెనక మనం నిలబడితే పశువు ముందుకు కదులుతుంది, దాని ముందు నిలబడితే వెనక్కి తగ్గుతుంది. ఇది తెలిస్తే కర్ర అవసరం చాలా తగ్గిపోతుంది. నేల మీద మెరిసే నీళ్లు, గాలికి ఊగే గోనెపట్టా, చీకటి గుమ్మం కూడా పశువును ఆపేస్తాయి. అది మొండికేసిందని కొట్టబోయే ముందు దాని కంటి ఎత్తుకు వంగి, ఎదురుగా ఏముందో చూడండి.

భయానికి పాలకు నేరుగా సంబంధం ఉంది. పొదుగు తడిమినప్పుడు, దూడ గుద్దినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై చేపు వస్తుంది. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. అదే సమయంలో పశువు భయపడితే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. కేకలు వేస్తూ పిండే పాకలో పాలు తగ్గేది ఇందుకే. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 516 మంది పాడి రైతులను అడిగి చూస్తే, ఆవులను పేరు పెట్టి పిలిచే ఫారాల్లో ఒక్కో ఆవు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ ఇస్తోందని తేలింది. పేరులో మహిమ ఉందని కాదు. పేరు పెట్టి పిలిచేవాడు ఆ ఆవును విడిగా ఎరుగుతాడు, దానిలో వచ్చిన తేడాను ముందే పట్టుకుంటాడు. మన ఇళ్లలో గౌరి, లక్ష్మి అని పిలుచుకున్న పాడి ఆవుల సంగతి మనకు తెలిసిందే.

నిశ్శబ్దాన్ని నమ్మకండి

తన్నేది, అరిచేది మన దృష్టిలో పడుతుంది. కిమ్మనకుండా నిలబడేది "సాధువు" అనిపించుకుంటుంది. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఏం చేసినా కరెంటు షాకు తప్పించుకోలేని స్థితిలో ముందు ఉంచిన కుక్కలు, తర్వాత చిన్న అడ్డు దూకితే బయటపడే వీలున్నా చాలావరకు కదలలేదు. షాకును తామే ఆపగలిగిన కుక్కలు మాత్రం దూకేశాయి. మొదటి గుంపుకు నొప్పి లేక కాదు, కదిలి లాభం లేదని నేర్చుకున్నాయి. ఎన్ని దెబ్బలు కొట్టినా కదలని ఎద్దును చూసినప్పుడు, పంజరం మూలన ముడుచుకున్న కుక్కను చూసినప్పుడు నాకు అదే గుర్తుకొస్తుంది.

పశువు క్షేమంగా ఉందా అని చూడటానికి 5 అంశాల కొలత ఒకటుంది. ఫారాల్లో పశువుల స్థితి మీద 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ ఇచ్చిన నివేదిక నుంచి పుట్టింది. ఆకలిదప్పులు లేకపోవడం, తగిన చోటు ఉండటం, నొప్పి, గాయం, జబ్బు లేకపోవడం, భయం, వేదన లేకపోవడం, తన సహజమైన తీరున ఉండగలగడం. చివరిదాన్ని మనం తరచూ మరిచిపోతాం. నల్లని తోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న గేదెకు నీళ్లలో పొర్లడం విలాసం కాదు, ఒంటి వేడి దించుకునే దారి. చెరువు లేని ఊళ్లో మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లమని చెప్పండి. మందు రాసి ఇచ్చినంత విలువైన సలహా అది.

ప్రమాదం దగ్గర తొందరపాటు వద్దు

కుక్క కరిచే ముందు చాలాసార్లు చెబుతుంది. మూతి నాక్కోవడం, ఊరికే ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూడటం, ఒళ్లు బిగబట్టడం, ఆ తర్వాత గుర్రుమనడం. గుర్రుమన్నందుకు కొడితే హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. తోక ఊపిన ప్రతి కుక్కా స్నేహంగా ఉన్నట్లు కాదు. ఒళ్లు బిగిసి తోక ఊగుతుంటే ఆగండి.

ఇంకొకటి, ప్రాణానికి సంబంధించినది. గేదె గొంతు మారి అరుస్తోంది, చొంగ కారుస్తోంది, నీళ్లు మింగలేకపోతోంది అంటే "గొంతులో ఏదో అడ్డుపడింది, చెయ్యిపెట్టి తీయండి" అంటారు. రేబిస్‌లోనూ సరిగ్గా ఇవే లక్షణాలు. ఎన్నడూ లేని దూకుడు, లేదా ఎన్నడూ లేని మందకొడితనం కూడా తోడైతే వట్టి చెయ్యి నోట్లో పెట్టకండి. ఈ పనిలో ఉన్నవాళ్లు ముందస్తు రేబిస్ టీకా వేయించుకోవాలి. కాటు పడినా, పుండు మీద చొంగ తగిలినా సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ముందు టీకా వేయించుకున్నాం కదా అని ఆగకూడదు.

పలుపుకు రెండో కొసన ఉన్న మనిషి

పశువుతో పాటు ఒక మనిషి కూడా మీ ముందు నిలబడి ఉంటాడు. అరుస్తాడు, ఆలస్యమైందని నిలదీస్తాడు. అతన్నీ అవే మూడు ప్రశ్నలతో చదవండి. గేదె పడిపోతే పాల బిల్లు ఆగిపోతుంది, డ్వాక్రా వాయిదా మాత్రం ఆగదు. ఆ కోపం కింద చాలాసార్లు భయమే ఉంటుంది. భయానికి వాదన మందు కాదు. ఏం కనబడిందో, ఇప్పుడు ఏం చేయబోతున్నారో, మళ్లీ ఎప్పుడు వస్తారో మూడు వాక్యాల్లో చెప్పండి. సాయంత్రం 5 గంటలకు వస్తానంటే 5 గంటలకు వెళ్లండి. రాలేకపోతే 4 గంటలకే ఫోను చేయండి. ఏం జరగబోతోందో తెలిస్తే పశువైనా మనిషైనా సగం కుదుటపడుతుంది.

పశువు చనిపోయినప్పుడు "ముందే పిలవాల్సింది" అనే మాట నోట రానివ్వకండి. ఆ మాట వాళ్లు అప్పటికే తమలో తాము చాలాసార్లు అనుకుని ఉంటారు. కాసేపు అరుగు మీద కూర్చోండి. బీమా ఉంటే చెవి ట్యాగు పోగొట్టకుండా దాచమని, పోస్టుమార్టం నివేదిక రాసి ఇస్తామని చెప్పండి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ వివరమే ఓదార్పు.

తోటివాళ్లు, మీరు

ఏళ్లుగా వేళకు వచ్చే అటెండరు పది రోజులుగా ఆలస్యంగా వస్తున్నాడు. నలుగురినీ నవ్వించే సహాయకురాలు మౌనంగా ఉంటోంది. "బద్ధకం", "పొగరు" అనే మాటలు ఇక్కడా సిద్ధంగా ఉంటాయి. పశువుకు ఇచ్చిన న్యాయం మనిషికీ ఇవ్వండి. అందరి ముందూ కాకుండా, "ఈ మధ్య నీరసంగా కనబడుతున్నావు, ఇంట్లో అంతా బాగున్నారా?" అని విడిగా అడగండి. చెప్పకపోతే నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. మీ కింద మనుషులు పనిచేస్తుంటే ఇంకో మాట. పని బరువు ఎక్కువై, దాని మీద తన అదుపు తక్కువైనప్పుడు మనిషి నలిగిపోతాడని 1979లో రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు చూపించాడు. టీకాల శిబిరాలు తగ్గించడం మీ చేతిలో లేకపోవచ్చు. ఏ వీధితో మొదలుపెట్టాలో, ఎవరు సూది వేయాలో, ఎవరు రాయాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇక మీ సంగతి. రోజూ నొప్పిని, చావును చూసే ఉద్యోగం ఇది. బ్రిటన్‌లో పశువైద్యుల్లో ఆత్మహత్యలు సాధారణ జనంలో కంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. మన దగ్గర ఈ మాట బయటికి అనుకోవడమే అరుదు. నిద్ర పట్టకపోవడం, ఫోను మోగితే గుండె దడదడలాడటం, తిండి సయించకపోవడం, ఏ పశువును చూసినా ఏమీ అనిపించకపోవడం, ఇవన్నీ మీలో మారిన ప్రవర్తనలే. నా అనుభవంలో అన్నిటికంటే స్పష్టమైన గుర్తు ఒకటుంది: కదలకుండా నిలబడనందుకు మీ చెయ్యి పశువు మీదికి లేచిందంటే ఆ రోజు పరీక్ష అవసరమైనది మీకు. ఇంటికెళ్లి ఆ మూడు ప్రశ్నలూ మీ గురించి కాగితం మీద రాసుకోండి. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాను? ఎప్పుడెప్పుడు? అంతకు ముందు ఏం మారింది? జవాబు నమ్మకమైన ఒకరికి చెప్పండి. అలాంటివాళ్లు దొరకకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022లో మొదలైన టెలీమానస్. రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఆ డెల్టా గేదె మూడు చన్నులతోనే ఇంకో రెండు ఈతలు ఈనింది. నేను పాకలోకి అడుగు పెడితే చాలు, ఒళ్లు బిగబట్టేది. కాళ్లకు బంధం వేయించినవాణ్ని గుర్తుపెట్టుకుంది. దాంతో ఆ వీధిన వెళ్లినప్పుడల్లా సంచి బయటే పెట్టి, గుప్పెడు పచ్చగడ్డి పట్టుకుని దాని కళ్లెదుట కాసేపు నిలబడి వచ్చేవాణ్ని. సూదీ లేదు, తడమడమూ లేదు. మూడు నెలలు పట్టింది. ఒక సాయంత్రం నేను గుమ్మంలో ఉండగానే అది నింపాదిగా నెమరు వేయడం మొదలుపెట్టింది. పెద్దావిడ చెంబు తీసుకుని ఎడమ వైపు కూర్చుంది. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. పాలు చేపాయి.